రెప్ప మీద గడ్డకు కాపడం, కంటి దురదకు చలువ

పడమటి ప్రకాశంలో ఎండలు ముదిరాక ఏ ఇంట్లోనైనా జరిగేదే. పొద్దున లేచిన పిల్లాడి కనురెప్ప ఎర్రగా ఉబ్బి ఉంటుంది, అంచున కందిగింజంత గడ్డ. “వేడి చేసిందిలేమ్మా” అంటుంది నాయనమ్మ కోడలితో. సబ్జా నీళ్లు, పల్చటి మజ్జిగ, మాడుకు ఆముదం, మూసిన కళ్ల మీద నందివర్ధనం పూలు వరసగా వచ్చేస్తాయి. ఇంతలో పక్కింటి అవ్వ వచ్చి చూపుడువేలిని అరచేతిలో గబగబా రుద్ది, వేడెక్కిన వేలిని గడ్డకు ఆనిస్తుంది. ఒకే కంటికి ఒకరు చలవ చేస్తున్నారు, ఒకరు వేడి పెడుతున్నారు.

కురుపు విషయంలో అవ్వ పట్టిందే సరైన దారి. కాకపోతే ఆమె పెట్టే వేడి చాలదు. నాయనమ్మ చలవ కూడా దండగేం కాదు, అది పనికొచ్చే జబ్బు వేరే ఉంది. రెప్ప మీద గడ్డకు వేడి కావాలి, కంటి దురదకు చలువ కావాలి. రెండింటిలోనూ వంటింటి మందేదీ రెప్ప దాటి కంట్లోకి పోకూడదు. కనిగిరి, పామూరు, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఇళ్లలో కంటికి చేసుకునే వైద్యాన్ని ఈ లెక్కన చూస్తే ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేలిపోతుంది.

రెప్ప లోపల ఏముంది

ఒంటి మీది చర్మంలో అన్నిటికంటే పల్చనిది రెప్ప మీదిది. మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ చర్మం కింద గట్టి పొర ఒకటి, ఆ పొరలో నిలువుగా పేర్చినట్టు నూనె గ్రంథులు ఉంటాయి. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు. 1666లో వీటి గురించి వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు హైన్‌రిక్ మైబోమ్ పేరు మీద వీటిని మైబోమియన్ గ్రంథులు అంటారు. మనం రెప్ప కొట్టినప్పుడల్లా ఇవి కాస్త నూనెను కన్నీటి పైన పరుస్తాయి. ఆ నూనె లేకపోతే కన్నీరు ఇట్టే ఆవిరైపోయి కన్ను ఎండిపోతుంది. కనిగిరి వడగాడ్పుల్లో తిరిగే మనిషికి ఆ నూనె ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఇవి కాక వెంట్రుకల కుదుళ్ల దగ్గర చిన్న నూనె గ్రంథులు, చెమట గ్రంథులు వేరే ఉంటాయి.

ఈ నూనె ఒంటి వెచ్చదనానికి కరిగి జారుతూ ఉండాలి. చుండ్రు వల్లనో, రెప్ప అంచులు ఎప్పుడూ వాచి ఉండటం వల్లనో దాని గుణం మారితే, చలికాలంలో గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టు గ్రంథి మూతి దగ్గర గడ్డకడుతుంది. దారి మూసుకుంటుంది. రెప్ప మీద లేచే గడ్డల్లో చాలా వాటి కథ ఇక్కడే మొదలవుతుంది.

గడ్డలు రెండు రకాలు

మొదటిది కంటికురుపు. వెంట్రుక కుదురు దగ్గరో, నూనె గ్రంథిలోనో క్రిమి చేరి చీము పడుతుంది. చాలావరకు ఆ క్రిమి స్టెఫైలోకాకస్ ఆరియస్, మన చర్మం మీద, ముక్కులో కాపురం ఉండేదే. కురుపు ఎర్రగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి, రెండు మూడు రోజుల్లో పసుపుపచ్చ మొన తేలుతుంది. తనంతట తానే చితికి, ఎక్కువ మందిలో ఒకటి రెండు వారాల్లో మానిపోతుంది.

రెండోది నొప్పి లేని గడ్డ. డాక్టర్లు కలేజియన్ అంటారు. రెప్ప మధ్యలో, చర్మం కింద గట్టిగా గుండ్రంగా వేలికి తగులుతుంది. ఇందులో ఉండేది చీము కాదు, బయటికి దారిలేక లోపలే నిలిచిన నూనె, దాని చుట్టూ కట్టిన వాపు. అందుకే యాంటీబయాటిక్ మాత్రలు మింగినా అది కరగదు. ఒక్కోసారి కురుపు తగ్గాక అదే చోట ఈ గడ్డ మిగులుతుంది. వారాలు, నెలలు ఉంటుంది. బాగా పెరిగితే నల్లగుడ్డు మీద ఒత్తి చూపు మసకబారుస్తుంది.

ఒంట్లో వేడి ఎక్కువై ఇవి రావు. అయితే ఎండాకాలంలో చెమట, దుమ్ము ఎక్కువ, కళ్లు నలుపుకోవడమూ ఎక్కువ. చేతి మీది క్రిములు రెప్పకు చేరే దారి అదే. మజ్జిగ, సబ్జా నీళ్లు ఎండకు ఒంటికి మంచివే, తాగొచ్చు. గడ్డను మాత్రం అవి కరిగించలేవు.

కాపడం పెట్టే పద్ధతి

శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసిన నూలు గుడ్డ, గిన్నెడు కాచిన నీళ్లు ఉంటే చాలు. పాత పంచె ముక్కైనా ఫర్వాలేదు. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీళ్లు ఒకసారి మరిగాక, మణికట్టు లోపలి వైపు పోసుకుంటే హాయిగా వెచ్చగా తగిలే దాకా చల్లార్చాలి. అది దాదాపు 40 డిగ్రీలు. గుడ్డ ముంచి, గట్టిగా పిండి, మడతలు వేసి, మూసిన కంటి మీద పెట్టాలి.

రెండు నిమిషాలకే గుడ్డ చల్లారిపోతుంది. మన కాపడాలు చాలావరకు ఇక్కడే వృథా అవుతాయి. ఒకసారి అద్ది తీసేసి అయిపోయిందనుకుంటాం. లోపల గడ్డకట్టిన నూనె మెత్తబడాలంటే గుడ్డను మళ్లీ మళ్లీ ముంచుతూ 5 నుంచి 10 నిమిషాలు ఆ వెచ్చదనాన్ని నిలపాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. అవ్వ వేలి వేడి క్షణంలో ఆరిపోతుంది కాబట్టే చాలదన్నది.

నొప్పి లేని గడ్డయితే కాపడం అయ్యాక శుభ్రమైన వేలితో నెమ్మదిగా వెంట్రుకల వైపు నిమరాలి. పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి. నొప్పి కురుపును నొక్కకూడదు, చీము కనిపించినా చిదమకూడదు, సూదితో పొడవకూడదు, వెంట్రుక పీకకూడదు. చిదిమితే చీము లోపలి వైపు పాకుతుంది. పెనం మీద కాల్చిన ఉప్పు మూట, ఇస్త్రీపెట్టెతో వేడి చేసిన గుడ్డ రెప్పకు పనికిరావు. ఆ వేడి మన అదుపులో ఉండదు, పల్చటి చర్మం ఇట్టే కాలుతుంది. కురుపు ఉన్నన్నాళ్లు కాటుక, కాంటాక్ట్ లెన్సులు మానాలి. ఆ మనిషి తువ్వాలు వేరే ఉండాలి. కురుపు చూస్తే అంటుకునేది కాదు, తువ్వాలు, చేతుల ద్వారా మాత్రం క్రిమి పాకుతుంది.

ఈ ప్రాంతంలో నీళ్ల మాట రాకుండా ఉండదు. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును 1937లో వైద్యులు వివరించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి ఆనాడు ఆ జిల్లాలోదే. బోరు నీళ్లతో కాపడం పెడితే కంటికి కీడా అని ఇక్కడివాళ్లు అడగడంలో అర్థం ఉంది. ఫ్లోరైడ్ దెబ్బ ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద, ఎముకల మీద పడుతుంది. కాపడం గుడ్డకు దానితో ఇబ్బంది లేదు. నీళ్లు మరిగించేది క్రిములు చావడానికి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. కాబట్టి తాగే నీళ్ల విషయంలో మరిగించడం మందు కాదని ఇదే సందర్భంలో గుర్తుపెట్టుకోవడం మంచిది.

కాపడం ఎంతవరకు పనిచేస్తుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. నొప్పి లేని గడ్డ మీద 2007లో వచ్చిన ఒక పోలిక అధ్యయనంలో కాపడంతో 46 శాతం మందికి గడ్డ తగ్గింది. స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో 84 శాతం, చిన్న కోత పెట్టి తీసేస్తే 87 శాతం మందికి తగ్గింది. అంటే సగానికి కాస్త తక్కువ మంది సూది, కోత లేకుండానే బయటపడ్డారు. ఖర్చు లేని పనికి అది చిన్న ఫలితం కాదు. మిగతావాళ్లకు నెల దాటాక కూడా కాపడమే పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు.

వంటింటి మందులు ఒక్కొక్కటిగా

లవంగమో చింతగింజో సానరాయి మీద అరగదీసి గడ్డకు పట్టించడం చాలా ఇళ్లలో ఉంది. పంటి నొప్పిని మొద్దుబరిచే లవంగ నూనె రెప్ప మీది పల్చటి చర్మాన్ని మండిస్తుంది. పట్టు ఎండాక పొడి పొడిగా రాలి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు మీద గీసుకుపోవడానికి ఒక్క రేణువు చాలు. పసుపు ముద్దతోనూ ఇదే చిక్కు. వెల్లుల్లి, ఉల్లి రసం గురించి చెప్పేదే లేదు, అవి చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి.

తేనె, చనుబాలు, ఆకు పసర్లు, ధనియాల నీళ్లు, త్రిఫల కషాయం కంట్లో వేయడం ఇంకా ప్రమాదం. కడుపులోకి వెళ్లే క్రిములను చాలావరకు చంపడానికి అక్కడ ఆమ్లం ఉంది, కంటికి ఆ కాపలా లేదు. గుడ్డలో వడకట్టినంత మాత్రాన క్రిములు పోవు. ఆకు పసరుతో పాటు బూజు కూడా కంట్లోకి వెళ్లొచ్చు. బూజు పట్టిన నల్లగుడ్డు పుండు మానడానికి నెలలు పడుతుంది, మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. పుట్టి నెల తిరగని పసికందు కళ్లకు పుసి కడితే చనుబాలు పిండి చూద్దామని ఆగకూడదు. కాన్పులో తల్లి నుంచి సోకిన క్రిమి కొన్నిసార్లు రోజుల్లోనే చూపు తీస్తుంది. అది ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జబ్బు.

ఇంట్లో ఆముదం దీపం మసితో పట్టిన కాటుకలో సీసం లేకపోవచ్చు. కానీ దాన్ని పెట్టే వేలు, ఒకరి తర్వాత ఒకరికి పెట్టే తీరు క్రిములను పంచుతాయి. కొన్ని రకాల సుర్మాలో సీసం ఉంటుంది, పిల్లలకు అసలు వద్దు. ఆముదం మాడుకు పెట్టుకోండి, కంట్లో చుక్కగా వద్దు.

నల్లగుడ్డు పోతే ఎంత నష్టమో మన రాష్ట్రపు లెక్కే చెబుతుంది. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే జరిపింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించింది. ప్రకాశం అందులో లేకపోయినా పల్లె బతుకు తీరు ఒకటే. నల్లగుడ్డు దెబ్బతిని కనీసం ఒక కన్ను పోయినవాళ్లు వారిలో 86 మంది తేలారు. చిన్నప్పుడు వచ్చిన పుండ్లు, దెబ్బలు, పెద్దయ్యాక వచ్చిన పుండ్లు ముఖ్య కారణాలు. ఇలా పోయిన చూపులో దాదాపు 95 శాతం తప్పించగలిగినదేనని ఆ వైద్యులు తేల్చారు.

గడ్డ లేని మంట, దురద

రెప్పలో గడ్డ లేకుండా కళ్లు ఎర్రబడి, నీరు కారి, దురద పెడుతుంటే కథ వేరు. ఇక్కడ కాపడం పెడితే దురద పెరుగుతుంది. నాయనమ్మ చలవ వైద్యానికి చోటు ఇదే. చల్లటి శుభ్రమైన నీళ్లలో తడిపిన గుడ్డను మూసిన కళ్ల మీద కొన్ని నిమిషాలు ఉంచితే వాపు, దురద రెండూ తగ్గుతాయి. నందివర్ధనం పూలు పెట్టుకునేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. తొడిమ తుంచితే కారే పాలు కంటికి మంట. పూలు కడిగి, ఆ పాలు కంటికి తగలకుండా పెట్టుకోవాలి. తడిగుడ్డయితే ఆ బెంగా లేదు.

దురదకు కారణం వెతకాలంటే ముందు చేసే పని వైపు చూడాలి. మార్కాపురం పలకల పనిలో రాతి దుమ్ము, కనిగిరి, పొదిలి వైపు పొగాకు రెలుపుల్లో చేతికి అంటుకునే ఆకు జిగురు, మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు వేళ్లకు పట్టే ఘాటు, ఇంట్లో కట్టెల పొయ్యి పొగ. చేతులు అలా ఉండగానే చెమట తుడుచుకోవడానికి కన్ను నలుపుకుంటారు. పక్కలు మూసుకునే కళ్లజోడు దుమ్మును ఆపుతుంది. మిరప ఘాటు నీళ్లకు వదలదు, నూనెకు వదులుతుంది. చేతులకు ముందు కాస్త వంటనూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుంటే పోతుంది. ఆ నూనె చేతులకే, కంటికి కాదు. కంట్లో పడితే నలపకుండా శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగడమే.

సున్నం, పురుగుమందు కంట్లో పడితే ఇల్లా, ఆసుపత్రా అన్న తర్జనభర్జన వద్దు. తాంబూలం సున్నం పొట్లాలు నొక్కుతూ ఆడుకునే పిల్లలకు ఇది జరుగుతూనే ఉంటుంది. అక్కడికక్కడే, ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లతో, రెప్పలు విడదీసి పట్టుకుని 15 నుంచి 30 నిమిషాలు కడగాలి. ఆ తర్వాతే బండెక్కాలి. సున్నం నిమిషాల్లోనే కంటిని కాలుస్తుంది కాబట్టి ఆసుపత్రికి చేరాక కడగడం ఆలస్యమే.

ఎండ, దుమ్ము ఎక్కువగా ఉండే చోట్ల ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ప్రతి వేసవికీ తిరిగొచ్చే అలర్జీ దురద ఒకటుంది. పిల్లాడు పిడికిళ్లతో కళ్లు నలుపుతూనే ఉంటాడు. ఏళ్ల తరబడి అలా నలిపితే నల్లగుడ్డు ఆకారమే చెడిపోవచ్చు. వాడిని కసరడం కంటే తడిగుడ్డ ఇవ్వడం, కంటి డాక్టరుకు చూపించడం మేలు.

రెప్ప అంచున పొట్టు, పొద్దున్నే వెంట్రుకలు అతుక్కోవడం ఉంటే నెత్తిన చుండ్రు ఉందేమో చూడాలి. గ్లాసుడు గోరువెచ్చని కాచిన నీళ్లలో పిల్లల షాంపూ నాలుగు చుక్కలు కలిపి, శుభ్రమైన దూది ముంచి, కళ్లు మూసుకుని వెంట్రుకల కుదుళ్లను మెల్లగా తుడిచి, మంచినీళ్లతో కడగాలి. దానికి ముందు కాపడం పెడితే పొట్టు మెత్తబడుతుంది. రోజూ ఇలా చేసేవాళ్లకు కురుపులు మళ్లీ మళ్లీ లేవడం తగ్గుతుంది.

“అన్నా, కంటి చుక్కలివ్వు”

ఇంటివైద్యం పేరుతో జరిగే మరో పొరపాటు మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు. ఎర్రదనం ఒక్కరోజులో పోగొట్టే చుక్కల్లో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. దురద మాయమవుతుంది, సీసా అయిపోతే మళ్లీ అదే కొంటారు. నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, పొర కమ్మి శుక్లం వస్తాయి. పుండు ఉన్న కంట్లో వేస్తే పుండు లోతుకు పోతుంది. నీటికాసులతో పోయిన చూపు ఆపరేషన్ చేసినా తిరిగి రాదు. డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ చుక్క వద్దు. రాసినా, ఎన్ని రోజులు అని రాస్తే అన్ని రోజులే.

ఎప్పుడు ఆగకూడదు

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రెప్ప మొత్తం వాచి కన్ను మూసుకుపోవడం, జ్వరం, గుడ్డు తిప్పితే నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకురావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం. చీము రెప్ప దాటి కంటి గూటిలోకి పాకిందనడానికి కొన్ని, నల్లగుడ్డుకు దెబ్బ తగిలిందనడానికి కొన్ని గుర్తులివి. చిన్నపిల్లల్లో చీము అలా పాకితే గంటల్లో ముదురుతుంది.

మామూలు కురుపు రెండు మూడు రోజుల కాపడానికి తగ్గుముఖం పట్టకపోతే, గట్టి గడ్డ నెల దాటినా కదలకపోతే చూపించుకోవాలి. కనిగిరి ప్రభుత్వాసుపత్రిలో మొదట చూపించి, కావలసివస్తే ఒంగోలు సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు. గడ్డ తీయడం పెద్ద ఆపరేషన్ కాదు. మత్తు సూది అక్కడికే ఇచ్చి రెప్ప లోపలి వైపు నుంచి తీస్తారు, బయటికి మచ్చ పడదు, పావుగంట పని. కోతకు బదులు స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకుంటే నల్లటి చర్మం మీద ఆ చోటు తెల్లబారే అవకాశం ఉంది. ముందే అడిగి తెలుసుకోవాలి.

కురుపులు పదే పదే వస్తుంటే దిష్టి తీయించే ముందు రక్తంలో చక్కెర చూపించుకోవాలి. మధుమేహం అదుపులో లేనివాళ్లకు క్రిములు తేలిగ్గా సోకుతాయి. పిల్లలకైతే చూపు పరీక్ష చేయించాలి. అక్షరాలు సరిగా కనబడక కళ్లు నలుపుకునే పిల్లాడికి కళ్లజోడు ఇస్తే కురుపులు కూడా ఆగిపోవచ్చు.

చివరిగా పెద్దవాళ్ల గురించి. యాభై దాటిన మనిషికి ఒకే రెప్ప మీద, ఒకే చోట గడ్డ తీయించినా మళ్లీ లేస్తుంటే, అక్కడి వెంట్రుకలు రాలిపోతుంటే, అది మామూలు గడ్డ కాకపోవచ్చు. ఆ నూనె గ్రంథికే కేన్సర్ వస్తుంది, అది అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది అరుదు, మన దగ్గర అరుదు కాదు. ఎల్.వి.ప్రసాద్ సంస్థ వైద్యులు 536 మంది రెప్ప కేన్సర్ రోగుల వివరాలు చూస్తే సగానికి పైగా ఈ రకమే. ఇలాంటి గడ్డకు ఇంట్లో ఏడాది కాపడం పెట్టడం అంటే కేన్సర్‌కు ఏడాది గడువివ్వడం. అందుకే పెద్దవాళ్లకు గడ్డ తీశాక డాక్టరును ఒక్క మాట అడగాలి: తీసిన ముక్కను పరీక్షకు పంపారా? ఆ కాగితం చేతికి వచ్చేదాకా వైద్యం పూర్తయినట్టు కాదు.